పూచీ లేని మాటలు

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత మనది. ఆ సామెతను రాష్ట్ర నిర్వహణకు వర్తింపజేసిన ఘనత కూడా మనదే.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు ఒక ఒడంబడిక కుదుర్చుకున్నారు. పెద్దమనుషుల ఒప్పందమని దానికి పేరు. తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే వెచ్చించాలి. ఉద్యోగాలలో, విద్యాలయాలలో స్థానికులకు రక్షణ ఉండాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలి. ఇవీ అందులోని ముఖ్యమైన షరతులు. అదే ఏడు నవంబరు 1న నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా కొత్త రాష్ట్రం ఏర్పడింది. ఆ మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి లేడు. ఒప్పందం మీద సంతకం చేసినవారిలో సంజీవరెడ్డి కూడా ఒకరు! పట్టుమని తొమ్మిది నెలలైనా నిలవని సంతకమది.

"అది నైతిక ఒప్పందమే గాని చట్టబద్ధం కాదు" అని సమర్థించేవారు నేటికీ ఉన్నారు. ఈ వాదనలోని చమత్కారం చూడండి. మన దేశంలో 1872 నుంచి ఒప్పందాల చట్టముంది. వడ్ల బస్తాలు ఇస్తానని ఒప్పుకుని ఇవ్వని వ్యాపారి 73వ సెక్షను కింద నష్టపరిహారం చెల్లించుకోవాలి. మాట తప్పడం వ్యాపారికైతే బాధ్యత, పెద్దమనిషికైతే రాజకీయమూనా? అసలు చట్టం నిర్బంధించని చోట కూడా మాట నిలబెట్టుకునేవాడినే కదా పెద్దమనిషి అంటాం! చట్టబద్ధం కాదు గనక తప్పవచ్చునన్నవాడు, ఒప్పందం పేరులోని మొదటి మాటనే కొట్టివేస్తున్నాడు.

ఫలితం తెలిసిందే. 1969లో తెలంగాణ భగ్గుమంది. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పగానే అటు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చి, కాపలాకని 1958లో ఏర్పరచిన తెలంగాణ ప్రాంతీయ సంఘాన్నే అనవసరమన్నది. స్థానికేతర ఉద్యోగులను 1986 మార్చి 31లోగా వెనక్కి పంపాలంటూ 1985 డిసెంబరు 30న 610 జీవో వెలువడింది. గడువు గడిచిపోయింది, అమలు సంగతి తేల్చడానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్‌ను వేయవలసి వచ్చింది. తప్పిన మాటను సరిదిద్దడానికి ఇంకో మాట, ఆ మాటను వెతికిపెట్టడానికి ఒక సంఘం!

ఇక రెండో అంకం. 2014 ఫిబ్రవరి 20. (తారీఖు గమనించారా? సరిగ్గా యాభై ఎనిమిదేళ్ళు.) మిగిలిన ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్ళు ప్రత్యేక హోదా ఇస్తామని రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రకటించారు. విభజన బిల్లును ఆమోదిస్తున్న సభలోనే పలికిన ఆ మాట చట్టంలోకి మాత్రం ఎక్కలేదు. అయిదేళ్ళు చాలవు, పదేళ్ళు కావాలన్న ప్రతిపక్షం ఆ ఏడే గద్దెనెక్కింది. 2016 సెప్టెంబరులో హోదాకు బదులు ప్రత్యేక సాయమన్నది. 14వ ఆర్థిక సంఘాన్ని కారణంగా చూపింది.

దీనిని కర్మఫలమని తీర్పు చెప్పడం అన్యాయం. ఉద్యోగానికై ఎదురుచూస్తున్న విశాఖ కుర్రవాడు 1956లో సంతకం పెట్టలేదు. కానీ హోదా పోయిందని కుమిలే కోస్తా, సీమ మిత్రులు 610 జీవో ఊసెత్తగానే "పాత గొడవలెందుకు" అనరాదు. ఆ దెబ్బ తిన్న తెలంగాణ మిత్రులు హోదా మాట వినగానే నవ్వుకోరాదు. తనకు జరిగితే దగా, ఎదుటివాడికి జరిగితే సాంకేతిక కారణమా? మనలోని ఈ పక్షపాతమే మాట తప్పేవారికి పెట్టుబడి.

నాయకుల సత్యసంధత మీద ఆధారపడే ఒప్పందం ఒప్పందం కాదు, మొక్కుబడి. ఇకమీదట ఏ సభలో ఏ ప్రకటన విన్నా, చప్పట్లు కొట్టే ముందు మూడు ప్రశ్నలు వేద్దాం: ఎప్పటిలోగా? తప్పితే ఏం చెల్లిస్తారు? మేము ఏ గుమ్మం ముందు అడగాలి? ఈ మూడింటికీ జవాబులు చట్టంలో రాసి ఉండకపోతే, ఆ మాట ఎంత పెద్దమనిషి నోట వచ్చినా దానికి పూచీ లేనట్లే.