రేడియోవాళ్ళ జాతర

పోయిన వారం మా గదిలో చిన్న గొడవ జరిగింది. కొత్తగా వచ్చిన పిల్లవాడొకడు ఫోన్‌లో పాటల కచేరీ పోస్టర్ చూపించి, ‘‘టికెట్ కొనుక్కుందునా?’’ అని అడిగాడు. పక్క మంచం మీది పెద్దాయనకు కోపం వచ్చింది. ‘‘ఇంటికి పంపాల్సిన పైసలతోని ఎగురుడు దేనికిరా?’’ అని కసిరాడు. పిల్లవాడు ఫోన్ జేబులో పెట్టుకుని దుప్పటి కప్పుకున్నాడు.

పెద్దాయన మాటలో తప్పు లేదు. అయినా నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కరోనాకు ముందు ఒక ఫిబ్రవరిలో నేనూ అలాంటి కచేరీకి పోయొచ్చాను. ఈ వారం ఆ ముచ్చటే చెబుతాను.

అప్పుడు జెబల్ అలీ క్యాంపులో మా గదిలో జగిత్యాల తమ్ముడొకడు ఉండేవాడు. కంపెనీ వ్యాన్ డ్రైవర్. ఆఫీసు స్టాఫును పొద్దున దింపడం, సాయంత్రం తీసుకురావడం అతని పని. వాళ్ళకు ఇంగ్లిష్ ఎఫ్.ఎం. తప్ప వేరేది పనికిరాదు. ఆరేళ్ళు అలా వినీ వినీ మనవాడికి పాప్ పాటలూ రాక్ పాటలూ అన్నీ నోటికొచ్చాయి. అర్థం అడిగితే మాత్రం ‘‘అదంత నాకెరుక లేదన్నా, పాట మంచిగుంటది’’ అనేవాడు.

ఒక రోజు ఆ స్టేషన్‌వాళ్ళు పాటలో రెండే రెండు సెకన్ల ముక్క వినిపించి, అదేం పాటో చెప్పినవారికి కచేరీ టికెట్లు ఇస్తామన్నారు. తమ్ముడు పార్కింగ్‌లో వ్యాన్ ఆపి ఫోన్ కొట్టాడు. లైన్ కలిసింది. జవాబు చెప్పాడు. రెండు టికెట్లు గెలిచాడు. సాయంత్రం గదిలోకి వస్తూనే, ‘‘అన్నా, నువ్వు నాతోని రావాలె. ఒక్కణ్ణి పోవాలంటే భయమైతుంది’’ అన్నాడు.

ఆ టికెట్ కొనాలంటే ఎంతో పోస్టర్ మీద ఉంది. ఇద్దరం ఒకేసారి మనసులో 18తో గుణించాం. అప్పటి రేటు అది. ఇక్కడ ఏ ధర చూసినా ముందు రూపాయల్లోకి మార్చుకోవడం మన జబ్బు కదా! కొనాల్సి వస్తే ఇద్దరం పోయేవాళ్ళం కాదు.

ఇది ఒక్క గాయకుడి కచేరీ కాదు. రేడియోవాళ్ళు తమ స్టేషన్‌లో రోజూ మోగే పాటల తాలూకు గాయకులను, బ్యాండ్లను అందరినీ ఒకే వేదిక మీదికి పిలుస్తారు. ఒక్కొక్కరికి అరగంటో ముప్పావుగంటో ఇస్తారు. వాళ్ళు కూడా కొత్త పాటల జోలికి ఎక్కువగా పోకుండా, జనానికి తెలిసిన నాలుగైదు పాటలు పాడి దిగిపోతారు. లాస్ ఏంజిలిస్‌లో ఒక స్టేషన్ 1998లో ‘వాంగో టాంగో’ పేరుతో మొదలుపెట్టింది ఇలాంటిదే. బ్రిటన్‌లో బి.బి.సి. రేడియో 1వాళ్ళు 2003 నుంచి ‘బిగ్ వీకెండ్’ అని ఊరు మారుస్తూ చేశారు. దుబాయిలో 2014లో మీడియా సిటీ ఆంఫీ థియేటర్‌లో ‘రెడ్‌ఫెస్ట్’ మొదలైంది. గాయకుడికి ప్రచారం, స్టేషన్‌కి స్పాన్సర్లు, వినేవాడికి ఒకే టికెట్‌పై పది గొంతులు. వేములవాడ జాతరలో ఒక పక్క ఒగ్గు కథ, ఇంకో పక్క భజన, మరో పక్క రంగుల రాట్నం ఉన్నట్టే. అందుకే నేను దీన్ని రేడియోవాళ్ళ జాతర అంటాను.

శుక్రవారం సాయంత్రం ఇస్త్రీ చొక్కాలు వేసుకుని మెట్రో ఎక్కాం. నఖీల్ స్టేషన్‌లో దిగాం. 2020లో దాని పేరు అల్ ఖైల్ అని మార్చారు. అక్కడి నుంచి నడక. గేటు దగ్గరికి వచ్చేసరికి తమ్ముడి అడుగులు నెమ్మదించాయి. ముందున్నవాళ్ళంతా తెల్లవాళ్ళు, అరబ్బు పిల్లలు, ఆఫీసుల్లో చేసే మనవాళ్ళు. ‘‘మనల్ని ఆపుతరేమో అన్నా’’ అన్నాడు. నాకూ లోపల అదే భయం. గేటు దగ్గర ఉన్నది నేపాలీ గార్డు. టికెట్ చూశాడు, చేతికి కాగితపు పట్టీ కట్టాడు, ‘‘చలో భాయ్, అందర్ జావ్’’ అన్నాడు. అంతే! ఎవరూ ఆపలేదు. మనల్ని మనమే గేటు బయట నిలబెట్టుకుంటామేమో అని నాకు అప్పుడు అనిపించింది.

లోపల గడ్డి మీద వేలమంది జనం. మొదటి బ్యాండు గిటార్ మోగించగానే నా గుండెల మీద ఎవరో గుద్దినట్టయింది. తమ్ముడు జేబులోంచి సైట్‌లో ఇచ్చే నురగ చెవి బిరడాలు తీసి ఇచ్చాడు. మీరు నవ్వకండి, అది తెలివైన పని. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలకు మించి ఉంటే చెవికి ముప్పని మనకు సేఫ్టీ క్లాసులో చెబుతారు. మోత 100 డెసిబెల్స్‌కి చేరితే ఆ 8 గంటలు 15 నిమిషాలకు పడిపోతాయి. కచేరీల్లో సగటు మోత 100 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో చెప్పింది. బిరడాలు పెట్టుకున్నా పాట శుభ్రంగా వినిపించింది.

ఇంకో సంగతి తమ్ముడే చూపించాడు. మైదానం మధ్యలో ఇనుప టవర్లు, వాటికి కూడా స్పీకర్లు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. అంటే వంద మీటర్ల దూరంలో ఉన్నవాడికి వేదిక మీది పాట సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యంగా అందుతుంది. అందుకని వెనక స్పీకర్లను కూడా సరిగ్గా అంతే ఆలస్యంగా మోగిస్తారు. లేకపోతే ఒకే పాట రెండుసార్లు వినిపిస్తుంది. ఆ టవర్లకు వాడింది మనం రోజూ బిగించే పైపులూ క్లాంపులే. ‘‘గీ బేస్ ప్లేటు మంచిగ పెట్టిన్లు’’ అని తమ్ముడు మెచ్చుకున్నాడు.

చిన్నప్పుడు మా ఊళ్ళో మధ్యాహ్నం పూట రేడియో సిలోన్ పెట్టేవాళ్ళు. తెలుగు పాటలు వేసే మీనాక్షీ పొన్నుదురై గొంతు కోసం మా నాన్న అన్నం పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చునేవాడు. ఆ గొంతు మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు. ఇక్కడ ఆరేళ్ళుగా వ్యాన్‌లో మాట్లాడే అనౌన్సర్ వేదిక మీదికి రాగానే తమ్ముడు, ‘‘అగో, ఆమెనే అన్నా!’’ అని సొంత చెల్లెలు కనబడ్డట్టు అరిచాడు. తరువాత పాట మొదలైంది. చుట్టూ వేలమంది పాడుతున్నారు. మనవాడు కూడా ఒక్క మాట తప్పకుండా పాడుతున్నాడు. పక్కనున్న ఒక తెల్లమ్మాయి అతని వైపు తిరిగి బొటనవేలు ఎత్తి చూపించింది. వ్యాన్‌లో స్టాఫ్ వెనక కూర్చుంటే డ్రైవర్ పాడకూడదు. ఆరేళ్ళు పెదవుల లోపల పాడుకున్న పాట ఆ రోజు బయటికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి ఫోన్. తమ్ముడి ముఖం మారిపోయింది. ‘‘డ్యూటీల ఉన్న’’ అన్నాడు. అవతల భార్య ఊరుకుంటుందా? ‘‘గదేం డ్యూటీ? పెండ్లి బ్యాండు లెక్క మోగుతుంది!’’ అంది. ఇక దాచలేక నిజం చెప్పాడు, టికెట్ ఊరికే వచ్చిందని మూడుసార్లు చెప్పాడు. కాసేపు అవతల చప్పుడు లేదు. తరువాత ఆమె, ‘‘పైసలు పెట్టి కొన్నా నేనేమన్న అంటినా? అబద్ధం దేనికి? పోరిని లేపుతున్న, జెర దానికి వినిపియ్యి’’ అంది. తమ్ముడు ఫోన్‌ను వేదిక వైపు ఎత్తి పట్టుకున్నాడు. చెయ్యి నొప్పి పుట్టేదాకా దించలేదు.

కచేరీ ముగిసి బయటికి వస్తుంటే పక్క గేటు దగ్గర హెల్మెట్లు పెట్టుకుని ఓ ముప్పై మంది కూర్చుని ఉన్నారు. వేదిక విప్పే టీమ్. వాళ్ళలో సిరిసిల్ల వైపు మనిషి ఒకాయన మా తెలుగు విని పలకరించాడు. ‘‘మీది అయిపోయింది, మాది ఇప్పుడు షురూ. తెల్లారేసరికి అంత ఖాళీ కావాలె’’ అన్నాడు. పాటలు విన్నావా అని అడిగాను. ‘‘విన్న, వెనక నుంచి. మనుషులు కనబడరు గని పాటైతే ఇనబడుతది’’ అన్నాడు. ఆ మాట నాతోనే మెట్రో ఎక్కి గది దాకా వచ్చింది.

పాట మనది కాదని ఎవరైనా అంటే నమ్మకండి. యు.ఎ.ఇ. లేబర్ క్యాంపుల్లో మనలాంటివాళ్ళ కోసం ‘క్యాంప్ కా చాంప్’ అని పాటల పోటీలు జరిగాయి. ఆ పోటీ మీద మహమూద్ కాబూర్ అనే దర్శకుడు తీసిన ‘చాంప్ ఆఫ్ ది క్యాంప్’ అనే డాక్యుమెంటరీ 2013లో వచ్చింది. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి కూడా గొంతు సవరించుకున్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు.

మర్నాడు పొద్దున పెద్దాయనకు ఇదంతా చెప్పాను. ఆయన మాటకు నేను అడ్డం రాలేదు. ఇంటి పైసలు ముందు పంపాలి, అప్పు చేసి కచేరీకి పోవద్దు. కానీ అన్నీ పంపాక వంద మిగిలితే, ఏడాదికి ఒక్క రాత్రి మన చెవుల కోసం పెట్టుకోవడం దొంగతనం కాదు. దాచిపెడితేనే అది దొంగతనంలా కనిపిస్తుంది. ఇంట్లో చెప్పి పోండి.

పోయేవారికి నాలుగు మాటలు. ఐడీ కార్డు దగ్గర ఉంచుకోండి. చివరి మెట్రో టైము ముందే కనుక్కోండి. లోపల నీళ్ళ సీసా కూడా ఖరీదే, కడుపు నింపుకుని పోండి. సైట్ బిరడాలు మరవకండి.

పెద్దాయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి పిల్లవాడి వైపు చూసి, ‘‘రెండు టికెట్లు కొంటే సస్తకు ఇస్తరా?’’ అని అడిగాడు.

వచ్చే వారం కలుద్దాం.