జర్మను చిల్లర నాణెములు

జర్మను సంస్థానముల పాత నాణెములను గూర్చి ముచ్చటించువారు తఱచుగా టాలరు అను పెద్ద వెండి నాణెమును, దానిపై ముద్రించిన ప్రభువుల ముఖములను పొగడుదురు. నా చూపు మాత్రము వేలిగోరంతటి ఫెన్నిగుపైననే నిలుచును. బీదవాడు రొట్టెకొనుట దానితోనే గదా! పలుచని వెండిరేకుపై ఒకప్రక్కనే ముద్రవేయగా చిన్నగిన్నెవలె లొత్తపడినవియు వీనిలో గలవు.

1559లో ఔగ్స్‌బర్గు నగరమున వెలువడిన నాణెపు శాసనము చిల్లరయందును తగినంత వెండి యుండవలెనని విధించెను. కాని ఒక టాలరును అచ్చువేయుటకంటె దానికి సరియగు చిల్లర నచ్చువేయుటకు కూలి పెక్కురెట్లు. ఆ నష్టమునకోర్వక కొందరును, 1618లో ముప్పదేండ్ల యుద్ధము మొదలైనపిదప సేనలవ్యయమునకై పెక్కండ్రును వెండిలో రాగి కలుపుచు వచ్చిరి. యుద్ధారంభమున సుమారు 90 క్రాయిట్సరులకు మారిన టాలరు 1622 నాటికి కొన్నిచోట్ల 600 దాటెను. నిర్ణీతజీతముపై బ్రదుకు బడిపంతులు గతి యేమి? ఆ యేడే మాగ్డెబర్గున జనులు తిరుగబడిరి.

నాటి కరపత్రములు మంచి నాణెముల నేరి చెడ్డవానిని చెలామణి చేయు వర్తకులను 'కిప్పరులు, విప్పరులు' అని నిందించినవి. వారు దోషులే. అయినను నింద యంతయు వారిపై మోపుట నాకు సమ్మతము గాదు. టంకశాలలను గుత్తకిచ్చి లాభము పుచ్చుకొన్నవారెవరు? ఆ ప్రభువులే. తాము విడిచిన రాగిచిల్లరయే పన్నుల రూపమున తమ బొక్కసమునకు తిరిగి వచ్చుచుండగా వారు మేలుకొనిరి. 1623 ప్రాంతమున మంచి నాణెమునకు మరలిరి. కూలివాని మూటలోని యెఱ్ఱచిల్లరకు మాత్రము పూర్వపు వెల దక్కలేదు.