స్క్రిప్టులో పాస్‌వర్డ్ ఎందుకు?

రెండేళ్లుగా మనం హోసూరు, కోయంబత్తూరు వైపు తెలుగు ఇళ్లకు పోయి అవ్వల పాటలు, పొడుపుకథలు, వంటింటి మాటలు రాసుకొస్తున్నాం. టైపు చేసింది ఒక ఫోల్డర్‌లో పెట్టి చిన్న స్క్రిప్టు నడిపితే చాలు, అద్దె సర్వరుకు అదే పంపేస్తుంది. ఏర్పాటు బాగానే ఉంది. కానీ ఆ స్క్రిప్టులో మూడో వరుసలోనే సర్వర్ పాస్‌వర్డ్ రాసుంది. స్క్రిప్టేమో వాట్సాప్ గ్రూపులో ఉంది. చదువు ముగించి వెళ్ళిపోయిన అక్కలూ ఆ గ్రూపులో ఉన్నారు. అక్కల మీద నాకు అనుమానం లేదు. వాళ్ళ పాత ఫోన్లు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయో ఎవరికి తెలుసు?

"అవ్వల పాటలు ఎవరు దొంగిలిస్తారే?" అని క్లాసులో నవ్వారు. పాట పోతే నష్టమేం లేదు, పాడుకోనీ. కానీ పాట కింద అవ్వ పేరు, ఊరు, ఇంటిపేరు రాశాం. కొందరు అత్తింటి ఆరళ్ళు చెప్పుకుని, "ఇది బయట పెట్టొద్దమ్మా" అన్నారు. అవీ ఆ ఫైళ్ళలోనే ఉన్నాయి. పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు వాటిని చదవొచ్చు, మార్చొచ్చు, చెరిపేయొచ్చు. ఎవరు చేశారో కూడా తెలీదు, అందరిదీ ఒకే పాస్‌వర్డ్ కాబట్టి.

పైగా మనం పంపేది ఎఫ్‌టీపీలో. దాని తొలి రూపం 1971లో రాసింది కాన్పూర్ ఐఐటీలో చదివిన అభయ్ భూషణ్ అని తెలిసి నాకు సంతోషమేసింది. అయితే అది చిన్న నెట్‌వర్క్ కాలం నాటిది. అందులో పాస్‌వర్డ్ కూడా పోస్టుకార్డు మీద రాసినట్టే పోతుంది, దారిలో ఎవరైనా చదవొచ్చు. ఫిన్లాండ్‌లో ఒక యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఇలాగే పాస్‌వర్డ్‌లు దొంగలపాలయ్యాక, 1995లో తాతు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ తయారుచేశాడు. దాని మీద నడిచే ఎస్‌ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్, పాట రెండూ గుప్తంగానే పోతాయి.

అందులో పాస్‌వర్డ్ బదులు కీ వాడొచ్చు. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ అనే ఆదేశం ఇస్తే ఒక జత పుడుతుంది. తాళంకప్ప లాంటిది సర్వరుకిస్తాం, తాళంచెవి మన ల్యాప్‌టాప్ దాటి పోదు. ఎవరి తాళంచెవి వాళ్ళదే. ఒకమ్మాయి కోర్సు ముగిస్తే సర్వర్‌లో ఆమె వరుస ఒక్కటి తీసేస్తే సరి, మిగతావాళ్ళకు ఇబ్బంది ఉండదు. స్క్రిప్టులో రహస్యమే ఉండదు గనుక దాన్ని గ్రూపులో పెట్టినా భయం లేదు. తాళంచెవికి పాస్‌ఫ్రేజ్ పెట్టుకోవాలి, ల్యాప్‌టాప్ పోయినా అది కాస్త కాపలా. "రోజూ అదెవరు కొడతారు?" అంటారేమో. ఏజెంట్ అనే ప్రోగ్రాం ఉంది, లాగిన్ అయ్యాక ఒక్కసారి కొడితే గుర్తుపెట్టుకుంటుంది.

మొదటిసారి కలిసినప్పుడు సర్వర్ తన వేలిముద్ర చూపించి, నమ్ముతావా అని అడుగుతుంది. మనలో చాలామంది చూడకుండానే యస్ కొట్టేస్తారు. ఆ ప్రశ్నే రాకుండా స్క్రిప్టులో ఆపేద్దాం అన్న సలహా కూడా వచ్చింది. నేనొప్పుకోను. తలుపు తట్టింది ఎవరో అడక్కుండా గడియ తీస్తామా? ఆ వేలిముద్ర రహస్యం కాదు, ప్రింటు తీసి ఈ గోడపత్రిక పక్కనే అంటించొచ్చు. అందరూ పోల్చి చూసుకుంటారు.

మేడమ్ ఒప్పుకుంటే సోమవారం లంచ్ తర్వాత ల్యాప్‌టాప్‌లు తెచ్చుకోండి, ఒక్కొక్కరికీ పది నిమిషాల పని. గ్రూపులో పాత స్క్రిప్టు డిలీట్ చేస్తే సరిపోదు, ఇప్పటికే ఎన్ని ఫోన్లలోకి దిగిందో. ఆ పాస్‌వర్డ్ కూడా అదే రోజు మార్చాలి.