కోతికి లేని స్విచ్చు

ఊర్నించి బాబాయి ఫోను. పిన్ని కేన్సరుకి డాక్టర్లు ఏదో యాంటీబాడీ మందు ఇద్దామంటున్నారట. "టీ-కణాల బ్రేకు తీసేస్తుందిట. జంతువుల మీద పరీక్ష చేశాకే ఇస్తారు గదరా, ఇంక భయమేముంది?" అన్నాడు.

నేను డాక్టర్ని కాదు, కోడు రాసుకుని బతికేవాణ్ణి. కానీ ఆ మాట వింటే నాకో ఆసుపత్రి గుర్తొస్తుంది. ఆఫీసుకెళ్ళేటప్పుడు నేనెక్కే మెట్రోపాలిటన్ లైను రైలు రోజూ దాని పక్కనించే పోతుంది. లండన్లోని నార్త్‌విక్ పార్క్.

యాంటీబాడీలంటే క్రిముల్ని పట్టుకునేవనే మనం బళ్ళో చదువుకున్నాం. అవి మన తెల్లకణాల మీదుండే స్విచ్చుల్ని కూడా నొక్కగలవు. టీ-కణానికి సీడీ28 యాక్సిలరేటరైతే, సీటీఎల్ఏ-4 బ్రేకు. 1996లో జేమ్స్ ఆలిసన్ బృందం ఎలుకల్లో ఆ బ్రేకుని యాంటీబాడీతో అడ్డుకుంటే కణుతులు కరిగిపోయాయి. 2011కల్లా అదే దారిలో మనుషులకీ మందొచ్చింది. 2018లో ఆలిసన్‌కి నోబెల్ కూడా (హోంజోతో కలిపి).

నార్త్‌విక్ పార్క్‌లో 2006 మార్చి 13న పరీక్షించింది మాత్రం యాక్సిలరేటరు తొక్కే యాంటీబాడీ, టీజీఎన్1412. కోతులకేమీ కాలేదు. అవి తట్టుకున్న మోతాదులో 500వ వంతే మనుషులకిచ్చారు. గంటన్నరలోపే ఆరుగురూ పడిపోయారు. ప్రాణాలు దక్కాయిగానీ ఒకతని వేళ్ళు పోయాయి.

కారణం తర్వాతెప్పుడో తేలింది. ఒకసారి శత్రువుని చూసి సిద్ధంగా ఉండే ఒకరకం టీ-కణాల మీద మనిషికి సీడీ28 ఉంటుంది, పరీక్షకి వాడిన జాతి కోతులకి ఉండదు. స్విచ్చే లేనిచోట నొక్కి "ఏం కాలేదు" అన్నారన్నమాట! టెస్టు సర్వర్లో లేని మాడ్యూలు ప్రొడక్షన్లో పేలడం మావాళ్ళకి కొత్తేం కాదు.

అలాగని జంతువుల మీద పరీక్షలు దండగ అనేవాళ్ళతో నేను కలవను. ఎలుకలు లేకపోతే ఆలిసన్ మందే లేదు. నాకు ఒళ్ళుమండేది ఇంకొకందుకు. ఆరుగురికీ సుమారు పదేసి నిమిషాల తేడాతో వరసగా ఎక్కించేశారు. మొదటివాడికేమవుతుందో చూద్దామన్న ఓపిక లేకపోయింది. నేనైతే చిన్న ప్యాచ్ కూడా ఒక్క సర్వరు మీద వేసి రాత్రంతా కాపలా కాస్తాను. ఆ గొడవయ్యాకే, ముందు ఒక్కరికిచ్చి చూడాలన్న పద్ధతి గట్టిపడింది.

"జంతువుల సంగతి వదిలెయ్ బాబాయ్," అన్నాను. "ఈ మందు మనుషులకి ఎన్నేళ్ళనించి ఇస్తున్నారో, ఎలాంటి ఇబ్బందులొచ్చాయో అడుగు. బ్రేకు తీసేస్తే ఆ కణాలు మన పేగుల మీద కూడా పడొచ్చు. విరోచనాలు మొదలైతే అర్ధరాత్రైనా ఎవరికి ఫోన్ చెయ్యాలో రాయించుకో."

అవతల పెన్ను కోసం సొరుగు లాగుతున్న చప్పుడు.