రింగు ఎంత ఉండాలి?

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన కొల్హాపూర్ జిల్లా కుర్రాడు స్వప్నిల్ కుసాలే రైఫిల్ షూటింగులో కాంస్యం తెచ్చాక, మా సోలాపూర్ పేటలో ముగ్గురు పిల్లలు ఎయిర్ రైఫిల్ పట్టారు. అందులో మా రెండో అమ్మాయి ఒకతి. ఇంట్లో ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రుల కోసం ఈసారి గురి సంగతి రాస్తున్నాను.

మా బ్యాంకు గార్డు తుపాకీకి గొట్టం చివర ఒక పూస ఉంటుంది, అంతే. వేట రైఫిళ్లకు పూసో, నిలువు పలకో ఉంటుంది. పోటీల రైఫిలుకు మాత్రం కంటి దగ్గర సన్నని రంధ్రమున్న పీప్ సైటు, గొట్టం చివర ఒక రింగు. రంధ్రం నడుమ రింగు, రింగు నడుమ అట్ట మీది నల్లని గుండ్రం కనబడాలి. ఈ రింగులు రకరకాల సైజుల్లో దొరుకుతాయి. చిక్కంతా అక్కడే.

సీనియర్ పిల్లలెవరో చెప్పారని మా అమ్మాయి 3.0 మిల్లీమీటర్ల రింగు వేసుకుంది. "చిన్నదైతే గురి ఖచ్చితంగా ఉంటుంది కదా నాన్నా!" అంది. నెల తిరిగేసరికి స్కోరు పడిపోయింది. కళ్లు ఎర్రబడేవి. జిల్లా పోటీలు మూడు వారాల్లో ఉన్నాయనగా "ఇక మానేస్తాను" అని కూర్చుంది.

నేను చదివింది బి.కాం. నాకు తెలిసింది త్రైరాశికమే. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ అట్ట మీద నల్ల గుండ్రం వ్యాసం 30.5 మిల్లీమీటర్లు. కంటి నుంచి ముందు రింగుకు సుమారు 90 సెంటీమీటర్లు. లెక్క వేస్తే, రింగు ఉన్నచోట ఆ గుండ్రం 2.7 మిల్లీమీటర్లంత కనిపిస్తుంది. 3.0 రింగు వేస్తే చుట్టూ మిగిలే తెలుపు ఒక్కో వైపు 0.15 మిల్లీమీటరు. 4.0 వేస్తే 0.65. అంటే నాలుగు రెట్లకు పైమాటే.

ఆ తెలుపు సన్నబడితే చెయ్యి కాస్త కదిలినా నలుపు రింగుకు తగిలినట్టుంటుంది. నడిమికి వచ్చిందా లేదా అన్న అనుమానంతో బిడ్డ ట్రిగ్గరు నొక్కకుండా ఆగుతుంది. ఆగినకొద్దీ ఊపిరి చాలదు, కన్ను అలుస్తుంది. తెలుపు సరిపడా ఉంటే రెండు గుండ్రాల నడుములను కన్ను తనంతట తానే కలుపుకుంటుంది. కోచ్ గారికి లెక్క చూపిస్తే నవ్వి, "నేనూ అదే చెబుతున్నాను, వినదే!" అన్నారు. 4.0 వేయించారు.

అమ్మాయికి పతకం రాలేదు. కానీ అరవై షాట్లూ పూర్తిచేసి, కళ్లు నులుముకోకుండా ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ ప్రాక్టీసుకు వెళ్లింది.

అందరికీ 4.0 కుదరాలని లేదు. చెయ్యి ఎక్కువ కదిలే కొత్తవారికి, వెలుతురు తక్కువున్న హాలులో ఇంకాస్త పెద్దది నయం. కొనేముందు క్లబ్బులో అడిగి నాలుగు సైజులు తీసుకోండి. ఒక్కోదానితో పదేసి షాట్లు వేయించి, స్కోరు నోటుబుక్కులో రాయించండి. ఒకరోజుతో తేల్చేయకుండా వారం రోజులు చూడండి. ఏ రింగు కొనాలో ఆ పద్దులే చెబుతాయి.