మన పెరటి తోట: మందారం

క్వార్టర్ల ముంగిళ్ళలో మందారం లేని ఇల్లు అరుదు. సంస్కృతంలో ఇది జపాకుసుమం. లిన్నేయస్ 1753లో దీనికి చైనా గులాబి అనే అర్థమిచ్చే పేరు పెట్టాడు. మలేషియా 1960లో జాతీయ పుష్పంగా స్వీకరించింది. బెంగాలు సోదరుల కాళీపూజకు ఎర్ర మందారమే కావాలి. పూర్వం నల్లబూట్లకు ఈ రేకలు రుద్ది మెరుగు పెట్టేవారు. ఎర్రరేకలు నానిన వేడినీటిలో నిమ్మరసం పిండితే ఎరుపెక్కుతుంది, వంటసోడా వేస్తే పచ్చబడుతుంది, పిల్లలకు చూపించండి.

వానాకాలంలో పెన్సిలు మందపు కొమ్మను జానెడు కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాటాలి. మొదట్లో నీరు నిలిస్తే మొగ్గలు రాలుతాయి. పూలు కొత్త చిగుళ్ళకే పూస్తాయి కనుక కత్తిరింపుకు జంకరాదు.

అసలు శత్రువు పిండినల్లి. ఒక వేసవిలో ఉపేక్షించి, పన్నెండేళ్ళ చెట్టును మేమే పోగొట్టుకున్నాము. కాండంపై చీమలబారు కనబడిన నాడే ఆకుల అడుగున వెదికి, పట్టిన కొమ్మలు కోసి కాల్చివేయాలి. మిగిలిన చెట్టుకు పలుచని సబ్బునీరు వారానికొకసారి చల్లాలి. ఘాటైన పురుగుమందులకు మేము సమ్మతించము. ఆ పువ్వే జడలోకి, తలనూనెలోకి వెళుతుంది గదా! గర్భిణులు మాత్రం మందార కషాయం సేవించరాదు.

బదిలీపై వెళ్ళేవారు చెట్టును వెంట తీసుకుపోలేరు. నాలుగు కొమ్మలను తడిగోనెలో చుట్టి పెట్టుకోండి. రెండు రోజుల రైలు ప్రయాణానికి అవి తట్టుకుంటాయి.