పండరంగడికి స్టాంపు కావాలి, మీసం వద్దు

మన తపాలా శాఖకు కత్తి పట్టినవాళ్ళంటే మొదటినుంచీ మక్కువే. సిపాయిల తిరుగుబాటుకు నూరేళ్ళు నిండాయని 1957లో ఝాన్సీ లక్ష్మీబాయికి స్టాంపు వేశారు. 1961లో శివాజీ, 1967లో రాణా ప్రతాప్, 1974లో టిప్పు సుల్తాన్ వచ్చారు. (టిప్పు స్టాంపు ఇప్పుడు వేసి ఉంటే ఎన్ని ధర్నాలు జరిగేవో!) 1984లో నానాసాహెబ్, తాంతియా తోపే, మంగళ్ పాండే, బేగం హజ్రత్ మహల్ వరసగా నిలబడ్డారు. మన తెలుగువాళ్ళ లెక్కలో 1986లో అల్లూరి సీతారామరాజు, 2011లో శ్రీకృష్ణదేవరాయలు ఉన్నారు. ఈ వరసలో అద్దంకి శాసనంలో కనబడే సేనాని ఒకడికి చోటివ్వాలంటాను. అతని పేరు పండరంగడు.

అద్దంకి పేరు చెబితే హైదరాబాదు బస్సెక్కేవాళ్ళకు నార్కెట్‌పల్లి రోడ్డు తడుతుంది. కాస్త చదువుకున్నవాళ్ళకు ఎర్రన, ఆయన్ను ఆదరించిన ప్రోలయ వేమారెడ్డి తడతారు. 1325 ప్రాంతంలో రెడ్డిరాజ్యం తొలి రాజధాని ఇదే కదా. పండరంగడు వాళ్ళకు దాదాపు అయిదువందల ఏళ్ళ ముందువాడు. వేంగి నేలిన తూర్పు చాళుక్యుల్లో గుణగ విజయాదిత్యుడి దగ్గర సేనాని. రాజుకు పట్టం కట్టిన తొలి ఏడే, అంటే క్రీ.శ. 848లో, సామంతుల బలగాన్ని వెంటబెట్టుకుని ఇటు దిగాడు. బోయల కొట్టాలు పన్నెండు పట్టుకున్నాడు. కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేశాడు. కందుకూరును బెజవాడ సాటి ఊరుగా నిలబెట్టాడు. గెలిచాక సూర్యదేవుడి గుడికి ధర్మవురంలో భూమి రాసిచ్చి, ఈ సంగతంతా రాతిమీద చెక్కించాడు.

గెలిచినవాడు శాసనం వేయించడంలో వింతేమీ లేదు. వింత ఆ రాతిమీదున్న పద్యం. నన్నయ భారతం మొదలుపెట్టడానికి రెండువందల ఏళ్ళ ముందే, యతీ ప్రాసా కుదిరిన తరువోజలో ఒక దండయాత్రను తెలుగులో చెప్పారు. తొలి తెలుగు పద్య శాసనంగా దీన్నే చెప్పుకుంటున్నాం. మామూలుగా శాసనాల్లో ఘనతంతా రాజుగారి ఖాతాలో పడుతుంది. రాజు పంపగా వెళ్ళి పోరాడినవాడి పేరు దొరకడమే అరుదు. ఇక్కడ పద్యానికి నాయకుడే సేనాని. దాన్ని ఎవరు కట్టారో ఆ కవి పేరు మాత్రం లేదు. తెలుగు పద్యం మనకు మొదటిసారి కనబడ్డదే ఒక సైన్యాధిపతిని మెచ్చుకుంటూ. స్టాంపుకు ఇంతకంటే ఏం అర్హత కావాలి?

చిక్కల్లా బొమ్మతోనే. రాయలవారికి తిరుమల గుడిలో విగ్రహముంది. అల్లూరి అనగానే మనలో చాలామంది కళ్ళముందు 1974 నాటి సినిమాలో కృష్ణ నిలుస్తాడు, అది వేరే సంగతి. పండరంగడికి శిల్పమూ లేదు, పటమూ లేదు. ఊహించి గీయమని చిత్రకారుడికి అప్పగిస్తే ఏమొస్తుందో నాకు తెలుసు: కత్తి కాంతారావు సినిమాలోంచి దిగొచ్చిన కిరీటం, మెలితిప్పిన మీసం, రెండు కాళ్ళమీద లేచిన తెల్లగుర్రం. ఆ పని చేయొద్దు. ఆ రాయినే వేయండి, ఆ అక్షరాలనే వేయండి. అతనికి అంతకంటే నిజమైన ముఖం మరొకటి లేదు.

ఇంకో మాట కూడా అనుకోవాలి. బోయల కొట్టాలు పట్టుకున్నాడని మనం సంబరంగా చదువుకుంటాం. ఆ కొట్టాల్లో ఉన్నవాళ్ళూ ఈ నేలవాళ్ళే. ఓడినవాళ్ళ తరఫున ఏ రాయీ నిలబడలేదు గనక వాళ్ళ మాట మనదాకా రాలేదు. 1937లో అమెరికా తపాలా శాఖ తన సైన్యాధిపతుల మీద స్టాంపులు వేసినప్పుడు వాళ్ళలో జనరల్ షెర్మన్ ఉన్నాడు. అంతర్యుద్ధంలో జార్జియాను తగలబెడుతూ పోయినవాడు. డెబ్బయ్యేళ్ళు దాటినా దక్షిణాది రాష్ట్రాలవాళ్ళు ఆ స్టాంపు మీద మండిపడ్డారు. వాళ్ళ పక్షాన పోరాడిన లీ, జాక్సన్‌లకూ అదే వరసలో చోటిచ్చినా కోపం చల్లారలేదు. మనకు పన్నెండు శతాబ్దాల దూరం ఉంది కాబట్టి ఎవరూ మండిపడరు. అలాగని ఓడినవాళ్ళను తుడిచేయనక్కరలేదు. ప్రతి స్మారక స్టాంపుతోనూ తపాలా శాఖ ఒక సమాచార పత్రం వేస్తుంది. బోయల పేరు అందులో గౌరవంగా, గెలుపు లెక్కలో అంకెలా కాకుండా రావాలి.

ఇప్పుడు ఉత్తరాలెవరు రాస్తున్నారు, స్టాంపు ఎవరు అంటిస్తున్నారు అంటారేమో. నిజమే. 2025లో రిజిస్టరు పోస్టును కూడా స్పీడ్ పోస్టులో కలిపేశారు. డబ్బు కడితే మన పెళ్ళి ఫోటోతోనే ‘మై స్టాంప్’ చేసిస్తున్నారు. నేను అడిగేది అది కాదు. దేశం తరఫున వేసే స్మారక స్టాంపుకు ఉన్న విలువ వేరు. అందులోకెక్కిన పేరు ప్రభుత్వం ఒప్పుకున్న పేరవుతుంది.

దానికి ఎవరైనా ప్రతిపాదన పంపవచ్చు. ఢిల్లీలో తపాలా శాఖ సలహా సంఘం దాన్ని పరిశీలిస్తుంది. త్వరగా తేలే పని కాదు కనుక ముందుగానే కదలాలి. అద్దంకి కళాశాలల్లో తెలుగూ చరిత్రా చెప్పే అధ్యాపకులారా, శాసన పాఠమూ దాని ఫోటో, అర్థం జతచేసి రెండు పేజీల ఉత్తరం రాయండి. ఊరి పెద్దల సంతకాలు పెట్టించండి. స్టాంపు ఆలస్యమైతే ఈలోగా విజయవాడలోని మన తపాలా సర్కిల్ వారిని కనీసం ఒక ప్రత్యేక కవరైనా అడగండి. ఆ పద్యానికి 2048లో 1200 ఏళ్ళు నిండుతాయి. అందాకా మాత్రం ఆగకండి.

— గుండ్లకమ్మ